ఊడ్వని జాగా

సుర్లా రోడ్డులో దిగేసరికి ఇంకా తెల్లారలేదు.
ప్లాట్‌ఫాం మీద టీ కాచేవాడు ఒడియాలో అడిగాడు,
నేను తెలుగులో చెప్పాను,
అల్లం ఘాటు ఇద్దరికీ అర్థమైంది.

ఆదివారం బరంపురంలో నా కళ్లద్దాల కొట్టుకి సెలవు.
వారమంతా గోడమీది అక్షరాలు చదివించి
ఇది బాగుందా, పోనీ ఇదా, అని
అద్దాలు మార్చీ మార్చీ విసిగినవాణ్ని
ఈ ఒక్క పూటా నా చూపు నేను వాడుకుంటాను.
మెడలో దుర్భిణి, జేబులో నోటుపుస్తకం,
సంచిలో నిన్నటి చపాతీలు.

బాహుదా సముద్రంలో కలవబోయే ముందు
ఎటూ తేల్చుకోలేక పరుచుకున్న చోట
చిత్తడి.
నడిస్తే మడమ దాకా,
ఆలోచిస్తూ నిలబడితే మోకాలి దాకా.
ఫాల్గుణం కదా, పరజలు వెళ్లిపోయాయి.
పోటు తీసిన బురద మీద ఉల్లంకులు మాత్రం
కుట్టుమిషను సూదుల్లా దిగుతూ లేస్తూ
నేలకీ నీటికీ ఊడిన అంచు కుడుతున్నాయి.
పదకొండు. రాశాను.
తీతువులు రెండు, నన్ను నోరారా తిట్టినవి. రాశాను.
లకుముకి ఒకటి.
కలం తీసేలోపు చేపని పట్టింది,
మూత విప్పేలోపు లేదు.

చిత్తడి దాటితే సరుగుడు తోపు.
పాత తుఫాను ఒకటి పడమటికి వంచేసి పోయిన చెట్లు.
సముద్రాన్ని ఇంత పక్కన పెట్టుకుని
మళ్లీ దాని గొంతే ఎందుకు పట్టాయో!
కింద సూదాకు పరుపు.
ఎవరు నడిచినా బయటపెట్టదు.

"మళ్లీ పిట్టల నెక్క రాయడానికొచ్చీసినావా బాబూ?"

కోడా సింగమ్మ. నోలియా పేట మనిషి.
పొయ్యిలోకి ఆకు ఊడుస్తోంది.
ఇంత దూరం నుంచీ తెలిసిపోయింది నాకు, వృత్తి అలాంటిది:
కుడి కన్ను పండిపోయింది,
ఎడమది పండుతోంది.
చీపురు అర్ధచంద్రాలు గీస్తూ వస్తూ వస్తూ
ఒకచోట పైకి లేచింది,
ఆమె రెండు అడుగులు పక్కకి జరిగింది,
చీపురు మళ్లీ దిగింది.
వెనక నేలమీద నులకమంచమంత ఆకు మిగిలిపోయింది.

"అదొదిలేశావేం?"

"అడుగెట్టకు. సీకటిపిట్ట కూకుంది."

చూశాను. ఆకు.
దుర్భిణి ఎత్తాను, ఇంత దగ్గరికి అది గుడ్డిది.
మోకాళ్ల మీద కూచున్నాను.
ఆకు, ఎండుకాయలు, బెరడు ముక్క, నీడ.
చాలాసేపటికి
బెరడు ముక్కకి కన్ను ఉందని తెలిసింది.
సన్నటి గీతలా మూసిన కన్ను.
అస్కప్పగాడు!
ఇరవయ్యేళ్లుగా రాత్రుళ్లు దాని కేక విన్నాను,
పగలు ఎన్నిసార్లు తొక్కబోయి తప్పానో.

"నీకెలా కనబడిందమ్మా?"

"నాకెక్కడ కనబడతాది?
మొన్న సుక్కురోరం సీపురు తగిలితే లేసింది.
రెక్కగాలి సెంప మీద కొట్టింది.
ఒంగి తడిమితే రెండు గుడ్లు, యెచ్చగా.
ఆ జాగా ఒగ్గీసినాను."

ఆపరేషను చేయిస్తానన్నాను.
డాక్టరు తెలిసినవాడే,
అద్దాలు నావే, పైసా వద్దు,
రేపే రమ్మన్నాను.
ఆమె మోపు బిగిస్తూ
తాడు కొస పళ్లతో పట్టుకుని నవ్వింది.
"పిల్లలు ఎగిరిపోనీ, అప్పుడొస్తాను.
ఈనోగా నేను రాకపోతే
కళ్లున్నోళ్లెవరో వొచ్చి ఊడ్సీగలరు."

గట్టు మీద సైకిలు ఆపి
ఫారెస్టు గార్డు దివాకర్ స్వాయిన్ అడిగాడు,
"కొణ దేఖిల?"
ఉల్లంకులు, తీతువులు, రెక్కలారేసుకున్న నీటికాకి,
ఒకటొకటీ చదివాను.
తోపులోనో? అన్నాడు.

తోపులో ఆకు, అన్నాను.

సోమవారం కొట్టు తెరిచి కొత్త చీటీ తీశాను.
పేరు రాశాను. ఊరు రాశాను. వయసు తెలీదు.
కేలండరులో చైత్రం చివర పెన్సిలుతో సున్నా చుట్టి
మొదటి బేరాన్ని కుర్చీలో కూచోబెట్టి
కింది వరస చదవమన్నాను.